మా సేటు కొనని మూడు లారీలు

లాక్‌డౌన్లు ఎత్తేసిన రెండో ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. సోలాపూర్ కుంఠా నాకా దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నేను బుకింగ్ క్లర్కుని. అప్పటికే అక్కడ చేరి పంతొమ్మిదేళ్లయింది. ఆఫీసంటే పెద్ద హంగేమీ లేదు. ముందు రేకుల గోదాం, దాని మూలన ప్లైవుడ్‌తో అడ్డం కట్టిన గది, అందులో రెండు బల్లలు, ఒక కంప్యూటర్, గోడకు ఆరు కొక్కేలు. మా ఆరు బండ్ల తాళంచెవులు వాటికి వేలాడుతుంటాయి. ఏ కొక్కెం ఖాళీగా ఉందో చూసి ఏ బండి దారిలో ఉందో చెప్పేయవచ్చు. ఆ ఎండాకాలం ఆరు కొక్కేలూ ఎప్పుడు చూసినా ఖాళీయే.

బుకింగ్ క్లర్కు పని ఏమిటని చాలామంది అడుగుతారు. సరుకు పంపేవాళ్ల పేరు, అందుకునేవాళ్ల పేరు, వస్తువేమిటి, ఎన్ని బేళ్లు, ఎంత బరువు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసివ్వడం నా పని. దాన్ని ఎల్.ఆర్. అంటారు, లారీ రసీదు అని. మా దగ్గర అందరూ బిల్టీ అనే అంటారు. అది లేకుండా బండి కదలదు. దారిలో ఎవరైనా ఆపితే డ్రైవరు చూపించేది దాన్నే. ఏ వీధిలో ఏ షెడ్డు నుంచి ఏ సరుకు వస్తుందో నాకు కంఠతా వచ్చు. దుప్పట్లు, టవళ్లు హైదరాబాదుకీ బెంగళూరుకీ బొంబాయికీ పోయేవి. వచ్చేటప్పుడు నూలు, రంగులు వేసుకొచ్చేవాళ్లు. అలా తిరుగుదారిలో దొరికే సరుకును రిటర్న్ లోడ్ అంటాం. అది దొరక్కపోతే బండి ఖాళీగా రావాలి.

మా సేటు పేరు అంబాదాస్. అరవైకి దగ్గరపడిన మనిషి. వాళ్ల తాత, మా తాత తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ దాదాపు ఒకే కాలంలో ఈ ఊరొచ్చారు. సేటుకు ఒకప్పుడు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలుండేవి. వాటిని అమ్మి పాత టెంపో కొని, తనే నడుపుకుంటూ ఆరు లారీల దాకా వచ్చాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లతో కూడా ఇప్పటికీ గొంతు పెంచి మాట్లాడతాడు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. కొత్తవాళ్లు ఆయన కోప్పడుతున్నాడనుకుంటారు.

ఆ ఏడు మాకు సరుకు విపరీతంగా వచ్చింది. పొద్దున గోదాం తలుపు తీసేసరికే బయట ఇద్దరు ముగ్గురు నిలబడి ఉండేవాళ్లు. మా బండ్లు చాలక మార్కెట్ బండ్లు, అంటే బయటివాళ్ల లారీలు, కిరాయికి పిలిచేవాళ్లం. అవీ దొరక్కపోతే సరుకు నాలుగైదు రోజులు గోదాంలోనే పడి ఉండేది. రెండు వీధుల అవతల ఇంకో ట్రాన్స్‌పోర్ట్ ఆయన అప్పటికే నాలుగు కొత్త లారీలు దింపి, నిమ్మకాయలు కట్టి, పూజ చేసి, దూద్‌పేడాలు పంచాడు. మాకూ ఒక డబ్బా వచ్చింది. సేటు ఒక్కటి తీసుకుని డబ్బా మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రమే నన్ను తన బల్ల దగ్గరికి పిలిచాడు.

“రేణుకా, నువ్వు జెప్పు. మనం గూడ మూడు బండ్లు తీస్కుందమా, వద్దా?”

“నన్నడుగుతున్నరా సేటు? హిసాబ్ జూసే ఆయిన ఉన్నడు గద.”

“ఆయినకు అయిపోయింది ఏందో తెలుస్తది. మాల్ ఏడికెళ్లి వస్తున్నదో నీకు తెలుస్తది. అంత నీ చేతిల నుంచే పోతది గద. వారం దినాలు తీస్కో. సోమారం నాడు జెప్పు. బ్యాంకోళ్లకు నీలం నగర్ ఇల్లు రాసియ్యాలె. ఊకెనే గాదు.”

పంతొమ్మిదేళ్లలో ఆయన నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి. అంతవరకు నేను రాసే మనిషిని మాత్రమే. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఏదో గర్వం లాంటిది ఉండింది లోపల. ఆ గర్వం గురించి ఇప్పుడు దాచుకోవడానికేమీ లేదు, అందుకే రాస్తున్నాను.

మా ఇల్లు నీలం నగర్లోనే, సేటు ఇంటికి దూరంగా, చిన్న ఇళ్ల వరుసలో. మా ఇంటికి మూడు గుమ్మాల అవతల భాగ్య ఉండేది. పెళ్లయిన ఏడాది నుంచి బీడీలు చుడుతోంది. ఆమె పేరు మీద బీడీ కంపెనీలో కార్డు ఉంది. కార్డున్న మనిషికి ఆకు, తంబాకు లెక్కగా ఇస్తారు, పీఎఫ్ జమవుతుంది. మా వీధిలో ఆడవాళ్లకు అది ఉద్యోగం కిందే లెక్క. భర్త మల్లేశం ఇరవై ఏళ్లు టవళ్ల మగ్గం మీద పనిచేశాడు. లాక్‌డౌన్లో మూతపడ్డ ఆ షెడ్డు మళ్లీ తెరవలేదు. నలభై దాటాక బరువు బండ్ల డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్స్ తీసుకున్నాడు. మా ఆఫీసులో బదలీ డ్రైవరుగా వస్తుండేవాడు. అంటే మా డ్రైవర్లలో ఎవరికైనా జ్వరమొస్తేనే అతనికి పని.

అతను బండి ఎక్కితే ముందు గుడ్డ తీసి స్టీరింగ్ తుడిచేవాడు. ఇంజను మొదలుపెట్టి కాసేపు కదలకుండా వినేవాడు. ఏం వింటున్నావని ఒకసారి అడిగితే సిగ్గుపడ్డాడు.

“మగ్గం చప్పుడు జరా మారితె దారం తెగిందని తెల్సిపోతుండె అక్కా. గా అలవాటు. ఇది గూడ గట్లనే మాట్లాడతది.”

నేను ఇల్లు చేరేసరికి భాగ్య చాట ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేచింది. అలా లేవడం ఆమెకు అలవాటు లేదు.

“మూడు బండ్లు వస్తున్నయంట గదా అక్కా, హమాలీలు చెప్పిన్రు. ఒక్కటి మా ఆయినకు ఇప్పియ్యి. నువ్వంటె సేటు కాదనడు.”

“ఇంక ఏం తేలలేదు భాగ్యా.”

“తేలినంక అడిగితె ఏం ఫాయిదా? అందుకే ముందుగాల అడుగుతున్న.”

నాకు నవ్వొచ్చింది. చూద్దామన్నాను. ఆమె మళ్లీ కూర్చుని చాట అందుకుంది. లోపల వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి పాఠం గట్టిగా చదువుతోంది.

బుధవారం నాడు రాజేశం కాక వచ్చాడు. మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషి, తర్వాత సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకున్నాడు. చిన్న టెంపోలో ఇనుము వేసుకొచ్చి మా గోదాంలో దింపించాడు. జాల్నా వైపు ఇనుము కరిగించే మిల్లుకు పోవాలి. ఎల్.ఆర్.లో వస్తువు వివరం రాసే గడి ఒకటుంటుంది. నేను తల ఎత్తకుండా రాస్తున్నాను.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా?”

“పాత మెషినరీ అని, కాక.”

“పాతదని రాయకు. నిన్న మాపటి దాంక నడిచింది.”

“కొన్నాయిన భంగార్ అని రాయమన్నడు. నేనే మంచిగ రాస్తున్న.”

“ఆయినకు భంగారే, తుక్కే. నువ్వు మగ్గాలని రాయి.”

నేను కొట్టేసి, మగ్గాలు అని రాశాను. ఆ మాట బిల్టీ మీద రాయడం నాకదే మొదటిసారి. ఆయన కాగితం తీసుకుని, అక్షరాలు కూడబలుక్కుని చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వెళ్లే ముందు హమాలీలు ఇనుప బీములు ఎత్తుతుంటే దగ్గరికి పోయి, “జరా మెల్లగ,” అన్నాడు. కరిగించడానికి పోయే ఇనుమును మెల్లగా ఎత్తమంటున్నాడని ఒక హమాలీ నవ్వాడు. ఎవరూ తోడు నవ్వలేదు.

ఆయన వెళ్లాక నేను పాత బిల్టీ పుస్తకాలు బయటికి తీశాను. గత ఆరేడు నెలలవి. అన్నీ నా చేతిరాతే. ఇన్నాళ్లూ ఊరి పేర్లూ బరువులూ చూశాను కానీ వివరం గడిని పై నుంచి కిందికి చదవలేదు. పాత మెషినరీ. పాత ఇనుము. పాత మెషినరీ. గృహ సామాను. పాత మెషినరీ. మధ్యలో ఎక్కడో టవళ్లు, ఎక్కడో దుప్పట్లు. ఒకప్పుడు రోజూ బేళ్లు పంపిన షెడ్ల పేర్లే ఇవి. ఆ పేర్లు చివరిసారి కనబడింది ఇనుము పంపినప్పుడు. ఆ తర్వాత ఆ పేర్లు లేవు. కొన్నింటికి మాత్రం నెల తర్వాత గృహ సామాను అనే బిల్టీ ఉంది. అంటే ముందు మగ్గం పోయింది, తర్వాత మనుషులు పోయారు.

మాకు సరుకు పెరిగిందని సంబరపడింది దీన్ని చూసేనని అప్పుడు అర్థమైంది. బస్తీ నేసిన బట్ట మోసి బతికిన బండ్లు ఇప్పుడు బస్తీనే మోసుకుపోతున్నాయి.

కాగితాలు చూసి చెప్పే మాట కాదనిపించి, గురు, శుక్ర వారాల్లో పొద్దున పదింటికి సెలవడిగి వీధుల్లో తిరిగాను. పది గంటలంటే మగ్గాలన్నీ మంచి జోరు మీద ఉండే వేళ. నా చిన్నప్పుడు ఆ వేళ ఈ వీధుల్లో మాట్లాడుకోవాలంటే చేతులు ఊపుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రెషర్ కుక్కర్ కూత కూడా వినబడింది. నడుస్తున్న షెడ్లు ఉన్నాయి, లేవని అనను. ఆగిన షెడ్ల కిటికీల్లోంచి చూస్తే మగ్గాలు ఇంకా లోపలే ఉన్నాయి, పాత చీరలు కప్పి. భంగార్ బేరం కుదిరే దాకా అలా ఉంటాయి.

ఒక షెడ్డులో రెండు మగ్గాల మధ్య ఖాళీలో చాప వేసుకుని ఒకావిడ బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి పిలిచింది.

“ఇవి ఎప్పుడు తీస్తున్నరమ్మా?” అని అడిగాను.

“తీస్తె గింత జాగ అయితది. కని మా ఆయిన వద్దంటడు. దినాం పొద్దుగాల లేసి వీటికి నూనె పోస్తడు. నడిచేటివి గావు, నడిపేటోడు లేడు. ఎందుకని అడిగితె మాట్లాడడు.”

బయటికొచ్చాక నాకు తెలియకుండానే ఆ రెండు మగ్గాలు ఎంత బరువుంటాయో, మా బండిలో సగానికి వస్తాయో రావో లెక్కేస్తున్నానని గమనించి ఆగిపోయాను. కానీ సేటుకు కావాల్సిన జవాబు అదే. ఇంకా ఎత్తని మగ్గాలెన్ని ఉన్నాయో అవే మా రాబోయే లోడ్లు. వీధులన్నీ తిరిగాక తేలిందేమిటంటే, మహా అయితే దీపావళి దాకా. కొత్త లారీలకు బ్యాంకు కిస్తీలు అయిదేళ్లు.

ఇంకో సంగతి కూడా ఆ తిరగడంలోనే కనబడింది. మూతపడిన కొన్ని షెడ్లలో కుట్టు మిషన్లు పెట్టారు. ఆడవాళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నారు. వాళ్ల సరుకు అట్టపెట్టెల్లో వస్తుంది, ఒక్కోసారి నాలుగు, ఒక్కోసారి పది. మా పెద్ద లారీ నిండాలంటే ఆ పెట్టెలు రోజుల తరబడి గోదాంలో ఆగాలి. ఆలస్యమవుతోందని వాళ్లు రోజూ ఫోన్ చేసి గొణిగేవాళ్లు. బిల్టీ పుస్తకాల్లో మళ్లీ చూస్తే నెలనెలా ఆ పెట్టెలు కొంచెం కొంచెం పెరుగుతున్నాయి. ఒక్క చిన్న బండి ఉంటే, నాలుగు చక్రాల టెంపో లాంటిది, ఆ పని మొత్తం మాకే దక్కుతుంది. ఆ బండి నిండడానికి ఎవరి మగ్గమూ పోనక్కర్లేదు. ఆదివారం నాడు కాగితం మీద అన్నీ రాసుకుంటూ చివర, చిన్న బండి ఒకటి, అని రాశాను.

రాసి ఆగాను. చిన్న బండి కొందామంటే వెంటనే వచ్చే ప్రశ్న, ఎవరు నడుపుతారని. మాకున్న బదలీ డ్రైవరు మల్లేశం ఒక్కడే. భాగ్య నన్ను అడిగిన సంగతి వీధి వీధంతటికీ తెలుసు. రేణుక తన పక్కింటివాళ్ల కోసం సేటు చేత బండి కొనిపించింది అంటారు. పంతొమ్మిదేళ్లలో ఒక్క బిల్టీ కూడా మొహం చూసి ముందు వెనకలు చేయలేదని నాకు పేరు. మొదటిసారి సేటు నన్ను ఒక మాట అడిగాడు. ఆ మాటలో నా వాళ్ల పేరు ఉండకూడదనుకున్నాను. ఆ ఆఖరి వరుస మీద గీత గీసేశాను.

సోమవారం పొద్దున సేటు బల్ల మీద షోరూమ్ కాగితాలు పరిచి ఉన్నాయి. సంతకాలు పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తులు కూడా పెట్టారు. నేను బిల్టీ పుస్తకాలు తెరిచి వివరం గడి మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివాను. తిరిగిన వీధులు చెప్పాను. దీపావళి మాట చెప్పాను. ఆయన పుస్తకాలు తన వైపు తిప్పుకుని ఆ పేర్లు తనూ చదివాడు. తర్వాత నిజంగానే కోప్పడ్డాడు. ఆ తేడా నాకు తెలుసు, కోపమొస్తే ఆయన గొంతు తగ్గిస్తాడు.

“అంటె ఏందంటవ్? మనోళ్ల ఇండ్లు ఖాళీ చేసి నేను కడుపు నింపుకుంటున్ననా?”

“గట్ల అంటలేను సేటు. మాల్ రానైతె వస్తున్నది. కని ఆఖరుసారి వస్తున్నది.”

“నీకు తెల్వనిది ఒకటున్నది రేణుకా. మగ్గం బందయినోళ్లు దినాం పొద్దుగాల నా గేటు కాడ నిలవడతరు. ఏమన్న పని ఉన్నదా సేటు అని. మూడు బండ్లంటె ముగ్గురు డ్రైవర్లు, ముగ్గురు క్లీనర్లు, హమాలీలు. మా తాతతోని వచ్చినోళ్ల పిల్లలే గద అందరు. మగ్గం పోయినోని చేతిల స్టీరింగ్ పెడదమనుకున్న. లాభం కోసమే ఇల్లు రాసిస్తున్ననా?”

ఆయన మనసులో ఆ ఆలోచన ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

“మాల్ ఉన్నంత సేపే సేటు. ఈ షెడ్లన్ని ఖాళీ అయినంక ఏం ఎత్తుతం? అప్పుడు వాళ్లు మల్ల అదే గేటు కాడ ఉంటరు. మీ ఇల్లు గూడ ఉండది.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాగితాలు ఒక్కొక్కటే సర్ది కవర్లో పెట్టాడు. తర్వాత నా వైపు చూసి అడిగాడు.

“బరోబర్. ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?”

“లేదు సేటు,” అన్నాను.

ఆయన కాసేపు అలాగే చూశాడు. తర్వాత షోరూమ్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు.

సాయంత్రం మల్లేశం ఆఫీసుకు వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. గోదాం గడప దగ్గరే నిలబడి, “బండ్లు వస్తలేవంట గదా అక్కా,” అన్నాడు. అవునన్నాను. “పోనియ్యి, ఏం గాదు,” అన్నాడు. నన్ను ఓదార్చడానికే వచ్చినట్టు ఇంకాసేపు నిలబడి, హమాలీలకు రెండు బేళ్లు ఎత్తడంలో సాయం చేసి వెళ్లిపోయాడు.

బడులు తెరిచే ముందు భాగ్యవాళ్లు ఊరు విడిచారు. బొంబాయి వైపు రేవు దగ్గర కంటైనర్లు లాగే బండ్ల మీద పని దొరికింది. నెల జీతం పక్కా. భాగ్య కార్డు కంపెనీకి తిరిగిచ్చేసింది. అమ్మాయిని తెలుగు బడి మాన్పించి టీసీ తీసుకుంది. సేటుకు తెలిసి, బొంబాయి పోయే మా బండిలోనే వాళ్ల సామాను ఊరికే వేసుకుపొమ్మన్నాడు. మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి, రెండు ట్రంకులు. వాటికీ బిల్టీ రాసింది నేనే. భాగ్య క్యాబిన్లోకి ఎక్కుతూ, ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, “ఇంటి మీద జరా కన్నెయ్యి అక్కా, తాళం తుప్పు వట్టనీకు,” అంది.

దీపావళికి నేను చెప్పినట్టే అయింది. ఒక్కసారిగా కాదు, వారం వారం ఫోన్లు తగ్గుతూ వచ్చాయి. మా బండ్లలో రెండు గోదాం ముందే నిలబడిపోయాయి. పేడాలు పంచినాయన లారీల్లో రెండింటిని బ్యాంకువాళ్లు తీసుకుపోయారు. అవతలి వీధి నుంచి వాళ్లావిడ ఏడుపు వినబడిందని మా హమాలీలు చెప్పారు. సేటు వచ్చినవాళ్లందరి ముందూ నన్ను చూపించి, “గీ బిడ్డ నా ఇల్లు నిలవెట్టింది,” అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ నేను లేచి ఏదో ఒక పని మీద గోదాంలోకి వెళ్లిపోయేదాన్ని. అణకువ అనుకున్నారు.

ఆ చలికాలం ముగిసేలోపు మల్లేశం పోయాడు. రేవు బయట బండ్ల వరుసలో రెండు రోజులుగా ఆగి ఉన్నాడట. వరుస కదిలినా ఇతని బండి కదలకపోతే వెనకవాళ్లు దిగి వచ్చి చూశారు. సీట్లో కూర్చున్నట్టే ఉన్నాడు. గుండెపోటని డాక్టరు రాశాడు. సేటు మా బండి పంపి అతన్ని తెప్పించాడు. భాగ్యా, అమ్మాయీ ముందు క్యాబిన్లో కూర్చుని వచ్చారు. నేను వీధి చివరిదాకా ఎదురెళ్లాను. భాగ్య దిగి, నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, నా మొహం చూడకుండా ఇంటి వైపు నడిచింది. ఆమె వెనక మనుషులు అతన్ని దింపుతున్నారు. తాళం ఎంతకీ రాలేదు. ఎవరో ముందుకెళ్లి తీశారు. నేను దానికి నూనె వేసి ఉండాల్సింది.

కార్డు వదిలేసినవాళ్లకు మళ్లీ కార్డు దొరకడం కష్టం. భాగ్య ఇప్పుడు ఇంకొకరి కార్డు మీద చుడుతుంది. కూలిలో వాళ్లకు కొంత ఇవ్వాలి, పీఎఫ్ ఉండదు. అమ్మాయి పదో తరగతి మధ్యలో ఆగింది.

ఆ మరుసటి ఎండాకాలం, సేటు తనంతట తానే ఒక మధ్యాహ్నం గోదాంలో అట్టపెట్టెల మధ్య నిలబడి చాలాసేపు చూశాడు. నిలిచిపోయిన లారీ ఒకటి అమ్మేసి, చిన్న టెంపో ఒకటి కొన్నాడు. మొదటి వారం నుంచే అది రోజూ నిండింది. యూనిఫారాల వాళ్ల గొణుగుడు ఆగింది. పదో రోజు సాయంత్రం సేటు సంతోషంగా, “గింత సాదా ముచ్చట మనకు అప్పుడు తట్టకపాయె చూడు రేణుకా,” అన్నాడు.

నాకిక కుదరలేదు. ఆ ఆదివారం రాసుకున్న కాగితం, గీసిన గీత, గీత ఎందుకు గీశానో, మల్లేశం పేరు, అన్నీ చెప్పాను. ఆయన నవ్వు మెల్లగా పోయింది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“నేను అడిగితిని గద బిడ్డా,” అన్నాడు.

అంతే. తర్వాత చెప్పులు వేసుకుని, పొద్దు ఉండగానే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నన్ను చూపించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సేటుకు చెప్పాక భాగ్యకు చెప్పకుండా ఉండడం తప్పనిపించింది. వెళ్లేసరికి ఆకు కత్తిరిస్తోంది. పక్కన కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పాను. కత్తెర ఒకచోట ఆగింది, మళ్లీ కదిలింది.

“ఆ బండి వచ్చుంటె బతికేటోడా?” అని అడిగింది.

“తెల్వదు భాగ్యా. గుండె జబ్బు ఈడ ఉన్న వచ్చునేమో.”

“నాకు గూడ తెల్వదు. కని ఈడ ఉంటె, పక్కన నేనుంటుంటి.”

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కత్తిరించిన ఆకులు వరుసగా పేర్చి, తడి గుడ్డ కప్పింది.

“నువ్వు సేటుకు అడిగినవ్, ఆయిన వద్దన్నడు అనుకున్న ఇన్ని దినాలు. ఆయిన మీద కోపం వెట్టుకున్న. ఆయిన పంపిన బండిల కూసోని గూడ కోపమే వెట్టుకున్న.” చాట ఒళ్లోకి లాక్కుంది. “ఇగ పో అక్కా. నాకు పనున్నది.”

మా వృత్తిలో దీన్నొక పాఠంగా చెప్పుకోవాలంటే, లెక్క తప్పలేదు. మూడు లారీలు వద్దని చెప్పడం సరైనదే. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. కానీ నాకు తెలిసినదాంట్లో సగం చెప్పాను. మిగతా సగం దాచుకున్నది ఎవరి మేలు కోసమూ కాదు, నా పేరు శుభ్రంగా ఉండాలని. నిష్పక్షపాతం అని నేను అనుకున్నదాంట్లో నా గురించిన ఆలోచనే ఎక్కువ ఉంది. నేను చేయాల్సిందల్లా ఒక్కటే. చిన్న బండి ఒకటి పనికొస్తుంది, నడపడానికి మా పక్కింటి మల్లేశం ఉన్నాడు, అతని భార్య నన్ను అడిగింది కూడా, ఇక మీ ఇష్టం, అని మొత్తం సేటు ముందు పెట్టడం. ఆయన కాదనేవాడో ఔననేవాడో. ఆ నిర్ణయం ఆయనది. నేను దాన్ని ఆయనకు అందనివ్వలేదు.

ఇప్పుడు సేటు పెద్ద విషయాలేవీ నన్ను అడగడు. కొత్తగా చేరిన క్లర్కుకు పని నేర్పేటప్పుడు మాత్రం ఈ సంగతి చెబుతాను, పేర్లతో సహా. ఒకసారి ఆ అమ్మాయి, “మరి ఆమె మీతోని మాట్లాడుతదా?” అని అడిగింది. మాట్లాడుతుంది. నల్లా నీళ్లు వచ్చాయనీ, గ్యాస్ బండి వచ్చిందనీ చెబుతుంది. అక్కా అనే పిలుస్తుంది. కానీ నేను ఆ గుమ్మం ముందు నుంచి నడిచిన ప్రతి సాయంత్రం, చాట ఒళ్లోంచి తీయకుండా, తల ఎత్తకుండా, నేను దాటే దాకా చుడుతూనే ఉంటుంది.